కోయని మూల

లేవార్డెన్, ఏప్రిల్ 16

ప్రియమైన సీబ్రెన్,

ఫోన్ సంగతి ఇక వదిలేద్దాం. నిన్న మనం మాట్లాడుకున్నదాంట్లో ముప్పాతిక వంతు నీ "ఆఁ? ఏంటీ?"లే. నేను అరిచి చెప్పిన మన ఇంటి గుట్టంతా పక్క మంచం ఆట్యే ముసలమ్మకీ, వరండాలో నర్సులకీ తెలిసిపోయింది, నీకు తప్ప. చెవి మిషన్లు పెట్టుకోమంటే పెట్టుకోవు. అవి పంచదార డబ్బా వెనక దాచావని నాకు తెలుసు. కాబట్టి ఉత్తరం రాయి. పెళ్ళికి ముందు రాసేవాడివి కదా. మరీ అంత ఘోరంగా ఏమీ ఉండేవి కావు.

తుంటి ఆపరేషన్ బాగానే జరిగిందట. చక్రాల చట్రం పట్టుకుని కిటికీ దాకా నడుస్తున్నాను. కిటికీలోంచి చూస్తే కార్లు, ఒక కాకి. అంతే నా లోకం.

ఇప్పుడు అసలు సంగతి. అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు నువ్వన్నావు: "నీ పిట్టలే నీ తుంటి విరగ్గొట్టాయి. ఈ ఏడు ఒక్క గూడు కూడా వెతికేది లేదు. గడ్డి ఎదగ్గానే నేరుగా కోసేస్తా." నేను నొప్పిలో ఉన్నాను గానీ నాకు చెవుడు లేదు. ఊరందరికంటే ముందు తీతువు గుడ్డు చూడాలని నేనే ఎగబడ్డాను, కాలువ దాటే దూకుడు కర్ర బురదలో కూరుకుపోయింది, వెనక మడి మూల కాలువ గట్టు మీద పడ్డాను. ఇందులో పిట్టలు చేసిన పాపం ఏముంది? నా అరుపుకి రెండు మడుల అవతలి నుంచి పక్క పొలం హెస్సెల్ పరిగెత్తుకొచ్చాడు, నువ్వు అదే మడిలో ట్రాక్టర్ మీద ఉండి రాలేదు. దానికి నేను నిన్నేమన్నా అన్నానా?

వెనక మడిలో మన స్క్రీస్ పిట్టల జంట దిగి ఉంటుంది. మనకి పెళ్ళైన కొత్తలో ఆ పొడుగు ముక్కులు ఆ మడి నిండా ఉండేవి, గుర్తుందా? పొద్దున్నే వాటి గోలకి మెలకువ వచ్చేది. ఇప్పుడు ఒక్క జంట మిగిలింది. ఈ ఏడు అవి గూడు పోగొట్టుకుంటే వచ్చే ఏడు ఇంకో చోటు చూసుకుంటాయి. ఆపైన మన పొలంలో స్క్రీస్ అనేదే ఉండదు. కోసే ముందు వాటి గూడు వెతుకు. పక్కన పుల్ల పాతు, చుట్టూ గడ్డి వదిలెయ్యి. నిన్ను ఇంకేమీ అడగను. అడుగుతాననుకో, కానీ ముందు ఇది.

నీ
యిట్స్కే


ఇంటి నుంచి, ఏప్రిల్ 21

ప్రియమైన యిట్స్కే,

ఆవులు బాగున్నాయి. ముసలి మచ్చలావు ఈనింది, పెయ్యదూడ. హెస్సెల్ వాళ్ళావిడ బఠాణీ సూప్ పంపిస్తోంది. ఎంత పంపిస్తోందంటే, ఆపమని చెప్పడానికి నీకు ఏదైనా మర్యాద మాట తెలిస్తే రాయి. కాఫీతో ఒక్క బిస్కెట్టు తిని డబ్బా మూత పెట్టేస్తున్నాను. నువ్వు లేవు కదా అని రెండు తింటున్నాననుకుంటావు. లేదు.

ముందు మడిలో తీతువు గూళ్ళు రెండు దొరికాయి. పుల్లలు పాతాను. తీతువు మగపిట్ట ఇంటి గుట్టు దాచలేదు. నెత్తి మీది జుట్టు నిక్కబొడుచుకుని నానా గంతులూ వేసి గూడెక్కడో చెప్పేస్తుంది.

స్క్రీస్‌లు వచ్చాయి. రెండూ ఉన్నాయి. మెడలు ఇటుక రంగు తిరిగాయి. మడి మధ్యలో దిగడం చూసి వెళ్ళాను. గూడు లేదు. మళ్ళీ దిగాయి, మళ్ళీ వెళ్ళాను. లేదు. బూట్లలోకి నీళ్ళు వెళ్ళాయి.

అంబులెన్సు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ వెతుకుతాను. రెండూ చెయ్యొచ్చు.

సీబ్రెన్


లేవార్డెన్, ఏప్రిల్ 25

ప్రియమైన మొండిఘటమా,

ఉత్తరం అందింది. ఆట్యే ముసలమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మొగుడు జీవితమంతా చేపల పడవ నడిపాడట. "మా ఆయనకి సముద్రంలో చేప ఎక్కడుందో తెలిసేది, అలమారలో చొక్కా ఎక్కడుందో తెలిసేది కాదు. మీ ఆయనకి గడ్డిలో పిట్ట కూడా కనపడదా పాపం!" అంది. నీ పరువు నేనేం కాపాడలేకపోయాను.

విను. నీతో చిక్కేమిటంటే, పిట్ట దిగిన చోటికి నేరుగా నడిచి వెళ్తావు, అంగడికి వెళ్ళినట్టు. స్క్రీస్ ఎప్పుడూ గూటి మీద దిగదు. దూరంగా దిగి, ఏమీ ఎరగనట్టు నాలుగు పురుగులు ఏరుకుని, తల వంచుకుని నడిచి వెళ్తుంది. కూర్చున్నాక చుట్టూ ఉన్న గడ్డి పరకల్ని ముక్కుతో లాగి నెత్తి మీద గుడిసెలా కప్పుకుంటుంది. ఇక అంతే, నువ్వు పక్కనే నిలబడినా లేవదు, కూయదు. మగపిట్టా ఆడపిట్టా వంతులు వేసుకుని పొదుగుతాయి. వంతు మారే వేళ ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ క్షణం.

అందుకని వెంటపడకు. గేటు దగ్గర బకెట్ బోర్లించి కూర్చో. పిట్ట వంక సూటిగా చూడకు, కాస్త పక్కకి చూడు. పెళ్ళిచూపులకి మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు సాయంత్రమంతా గోడ గడియారాన్ని చూసినట్టు. అది ఎక్కడ దిగిందో కాదు, ఎక్కడికి నడిచిందో చూడు. ఏటా మడి మధ్యలోనే, ఆ కాస్త మిట్ట మీద పెడతాయి. ఈసారీ అక్కడే ఉంటుంది. కళ్ళలో ఒత్తులు వేసుకుని చూడు.

నిన్న వరండా చివరి దాకా నడిచాను. పాలిపోయి తిరిగొచ్చాను, కానీ నడిచాను. నడిచేటప్పుడు ఆ మడిలో నడుస్తున్నాననే అనుకుంటాను.

సూప్ సంగతి: "ఇంత మంచి సూప్‌కి నేను తగను" అని చెప్పు. నమ్మేస్తుంది.

నీ
యిట్స్కే


ఇంటి నుంచి, మే 6

ప్రియమైన యిట్స్కే,

బకెట్ మీద కూర్చుంటున్నాను. రోజూ సాయంత్రం పాలు తీశాక. బకెట్ గుర్తు నా వెనక శాశ్వతంగా పడింది.

మొదటి మూడు రోజులూ ఏమీ తెలియలేదు. తర్వాత నువ్వు చెప్పినట్టే జరిగింది. ఒకటి మిట్ట మీద దిగింది. నాలుగు పురుగులు ఏరుకుంది. తల దించుకుని నడక మొదలుపెట్టింది. నేను గడియారం వంక చూసినట్టే చూస్తున్నాను. మిట్ట దాటింది, కాలువ వైపు పోయింది. ఆ తర్వాత నేను చూడలేదు. వెళ్ళి మిట్ట అంతా గాలించాను. లేదు.

గడ్డి మోకాళ్ళ పైకి వచ్చింది. కంకి తొంగి చూస్తోంది. చుట్టుపక్కల అందరూ కోసేశారు, మన వెనక మడి ఒక్కటే దువ్వని తలలా నిలబడింది. నిన్న హెస్సెల్ కంచె మీద మోచేతులు ఆనించి, "ఏం సీబ్రెన్, గడ్డి కోస్తావా, లేక పురుగులకి అద్దెకిచ్చావా?" అన్నాడు. గడ్డి ముదిరినందుకు కాదు, హెస్సెల్ నవ్వినందుకు మండింది. అయినా పళ్ళు బిగబట్టుకుని, "మా ఆవిడ పిట్ట కోసం ఆగాను" అన్నాను. నవ్వడం మానేసి, "యిట్స్కేని అడిగానని చెప్పు" అని వెళ్ళిపోయాడు.

కానీ వచ్చే వారం మధ్య నుంచి వానలట. నీకు తెలుసు. ఇప్పుడు కోయకపోతే ఈ గడ్డి ఆవులకి గడ్డి కాదు, చీపురు. ఆవులు పిట్ట పాట మేసి బతకవు. మంగళవారం కోయాలి.

సీబ్రెన్


లేవార్డెన్, మే 8

ప్రియమైన సీబ్రెన్,

ఇంకొక్క వారం ఆగు. నా లెక్క ప్రకారం గుడ్లు పిల్లలవ్వడానికి అంతే కావాలి. పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డ రోజే పరిగెత్తుతాయి, ఆ తర్వాత వాటి అమ్మానాన్నే చూసుకుంటారు.

ఆవులకి మేత కావాలని నాకు తెలియదా? రైతు కూతుర్ని, రైతు పెళ్ళాన్ని. అయినా అడుగుతున్నాను. ఇక్కడి డాక్టరమ్మ ఇవాళ చెప్పింది, ఇక మీదట కాలువలు దూకేది లేదట. ఇన్నాళ్ళూ గడ్డి కోసే మిషను ముందు గూళ్ళు వెతుక్కుంటూ నేను నడిచేదాన్ని. ఇకపై ఎవరు నడుస్తారో తెలియదు. అందుకే ఈ ఒక్క గూడు నాకు కావాలి.

యిట్స్కే


ఇంటి నుంచి, మే 12, మంగళవారం

యిట్స్కే,

కోసేశాను.

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. అప్పటికే పడమట మబ్బు పట్టింది. నేనూ హెస్సెల్ పొడుగు తాడు చెరో చివర పట్టుకుని మడి మీదుగా గడ్డి తల నిమిరినట్టు లాక్కుంటూ పోయాం, పొదిగే పిట్ట ఏదైనా ఉంటే లేస్తుందని. ఒక్కటీ లేవలేదు. తర్వాత మిషను ఎక్కాను. ఆగాగి దిగి చూశాను. గూడు కనపడలేదు. కనపడలేదంటే లేదని కాదు, అది నాకు తెలుసు.

సాయంత్రం బకెట్ మీద కూర్చున్నాను. స్క్రీస్‌లు రెండూ లేవు. ఎక్కడా లేవు.

క్షమించు.

సీబ్రెన్


లేవార్డెన్, మే 17

ప్రియమైన సీబ్రెన్,

నిన్ను తిట్టడానికి మొన్ననే ఒక ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. నువ్వు వెతికావు. వెతకనన్నవాడివి వెతికావు, హెస్సెల్ ముందు నా కోసం మాట పడ్డావు. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

కానీ బాధగా ఉంది సీబ్రెన్, అది దాచుకోలేను. నర్సులు రోజూ "ఇవాళ ఎందాకా నడుద్దాం?" అని అడిగేవారు. నేను పైకి వరండా అనేదాన్ని, మనసులో వెనక మడి అనుకునేదాన్ని. నిన్న మంచం దిగలేదు. ఆట్యే ముసలమ్మ తన వంతు లవంగాల చీజ్ నా పళ్ళెంలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ తన చీజ్ వదులుకుందంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకో.

ముప్పయ్యో తేదీ శనివారం పంపించేస్తారట. నేను కొన్నాళ్ళు స్నీక్‌లో మా అక్క దగ్గర ఉంటాను. నీ మీద కోపంతో కాదు. మన వంటగది కిటికీ వెనక మడి వైపే కదా. గిన్నెలు కడుగుతూ రోజూ ఆ ఖాళీ చూడలేను, అంతే. వేసవి గడవనీ.

యిట్స్కే


ఇంటి నుంచి, మే 22

ప్రియమైన యిట్స్కే,

స్నీక్ వెళ్తానన్నావు. సరే. వద్దనే హక్కు నాకు లేదు. కానీ వెళ్ళేలోగా ఒక మాట చెప్పాలి. ఎదురుగా ఉంటే చెప్పలేను, అందుకని ఉత్తరంలోనే.

అంబులెన్సు దగ్గర నేను పిట్టల్ని తిట్టాను. తిట్టాల్సింది వాటిని కాదు. నువ్వు అరిచావు, నేను ఆ మడిలోనే ఉన్నాను. హెస్సెల్ వచ్చి నా భుజం పట్టుకుని ఊపితే అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. నువ్వు ఎంతసేపు అరిచావో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. పంచదార డబ్బా తీసినప్పుడల్లా ఆ చెవి మిషన్లు కనపడతాయి. సిగ్గేసి మూత పెట్టేస్తాను. ఇప్పుడు కాఫీలో పంచదార మానేశాను.

ఆ రోజు నుంచి కాలువ మూలకి నేను వెళ్ళలేదు. నీ దూకుడు కర్ర ఇంకా అక్కడే పడి ఉంది. తాడు లాగిన రోజు కూడా వంపు ఇవతలే తిప్పేశాను. కోసేటప్పుడు మిషను అక్కడికి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే పక్కకి తిప్పేశాయి. గేటు దగ్గర్నుంచి కాలువ వంపు దాకా గడ్డి అలాగే వదిలేశాను. "మంగలి సగంలో లేచిపోయిన తలలా ఉందిరా నీ మడి" అని హెస్సెల్ ఎగతాళి. చేసుకోనీ.

ఇంకో సంగతి. ఆ స్క్రీస్‌లు వెళ్ళిపోలేదు. నాలుగైదు రోజులుగా ఒకటి వెనక గేటు స్తంభం మీద నిలబడుతోంది. నన్ను చూస్తే చాలు, ముక్కు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఏమంటుందో నాకెక్కడ వినపడుతుంది? కాలువ వైపు రెండడుగులు వేస్తే నెత్తి మీదికి దూకుతోంది. నిన్న టోపీ పడగొట్టింది. ఒక కాకి వస్తే రెండూ కలిసి దాన్ని హెస్సెల్ పొలం దాటేదాకా తరిమాయి. గూడు పోయిన దుఃఖంలో పిచ్చెక్కినట్టుంది పాపం. తిట్టనీ, దాని హక్కు అది. రోజూ సాయంత్రం వెళ్ళి, కాసేపు టోపీ తీసి నిలబడి, తిట్టించుకుని వస్తున్నాను.

శనివారం నిన్ను స్నీక్ దాకా నేనే కారులో దింపుతాను. కావాలంటే దారిలో మాట్లాడను.

నీ
సీబ్రెన్


లేవార్డెన్, మే 25

ప్రియమైన నా చెవిటి గాడిదా,

నీ ఉత్తరం చదివి నేను పెట్టిన కేకకి నర్సు పరిగెత్తుకొచ్చింది, తుంటి మళ్ళీ విరిగిందనుకుని. ఆట్యే ముసలమ్మ లేచి కూర్చుని, "చచ్చిందెవరు?" అంది. "ఎవరూ చావలేదమ్మా, పుట్టారు!" అన్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. అయిదు రోజులుగా ఆ పిట్ట నీ మొహం మీద చెప్తుంటే, నువ్వు టోపీ తీసి సంతాపం తెలుపుతున్నావా? గూడు పోయిన స్క్రీస్ ఎవర్నీ తిట్టదు సీబ్రెన్. చప్పుడు చేయకుండా వెళ్ళిపోయి చెరువుల దగ్గర గుంపులో కలిసిపోతుంది. స్తంభమెక్కి అరిచే స్క్రీస్‌కి కింద గడ్డిలో పిల్లలుంటాయి. కాకిని తరిమిందా? టోపీ పడగొట్టిందా? కాలువ వైపు నడిస్తేనే పడగొట్టిందా? ఇంతకంటే అది ఇంకేం చెయ్యాలి, నీకు ఉత్తరం రాయాలా?

నువ్వు కోసిన రోజు రెండూ కనపడలేదంటే, ఒకటి గడ్డి గుడిసెలో నోరు మూసుకుని కూర్చుంది, రెండోది మేతకి పోయింది. నీ కళ్ళెదుటే కాలువ వైపు నడిచింది కదా ఆ రోజు! నువ్వు అక్కడికి వెళ్ళలేక మొహం తిప్పుకున్నావు. ఇందులో నా తప్పూ ఉంది. ఏటా మిట్ట మీదే కదా అని నిన్ను మిట్ట మీదికే పంపాను. ఎన్నేళ్ళుగా చూస్తున్నా నాకు తట్టలేదు. ఆ మూల నా దారి. ప్రతి వసంతం పొద్దునా సాయంత్రం అక్కడే దూకేదాన్ని, ఏ పిట్ట మాత్రం ఆ సందడిలో గూడు పెడుతుంది? ఈ ఏడు దూకేవాళ్ళు లేరు. ఆ మూల వాటికి ప్రశాంతంగా కనిపించి ఉంటుంది. నా తుంటి విరిగినందుకు మేలు జరిగింది వాటికే!

ఇంకో మాట. ఆ మూల నువ్వు పిట్టల కోసం వదల్లేదు. నా కోసం వదిలావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను. మన పెళ్ళైన ఇన్నేళ్ళలో నువ్వు నాతో అన్న మాటల్లో అంత మంచిది ఇంకోటి లేదు. అది కూడా గడ్డి గురించి రాస్తూ అన్నావు. నేను ఎంతసేపు అరిచానో ఇప్పుడు చెప్తున్నాను: కాసేపే. ఆ తర్వాత పైన ఒక తీతువు తిరుగుతుంటే దాన్ని చూస్తూ పడుకున్నాను. ఆ లెక్క ఇక్కడితో తీరిపోయింది, మళ్ళీ తియ్యకు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. జూన్ ఆఖరు దాకా ఆ మూల మీద కత్తి పెట్టకు. ఆవుల్ని అటు తోలకు. పంచదార డబ్బా వెనక నుంచి ఆ మిషన్లు తీసి, రెండు చెవులకీ పెట్టుకుని, గేటు దగ్గరికి వెళ్ళు. దూరంగా నిలబడి విను.

స్నీక్ వద్దు. అక్కకి ఫోన్ చేసి చెప్పేశాను. శనివారం నన్ను ఇంటికి తీసుకెళ్ళు. దారిలో మాట్లాడు.

నీ
యిట్స్కే


ఇంటి నుంచి, మే 27

ప్రియమైన యిట్స్కే,

పెట్టుకున్నాను. బ్యాటరీలు కొత్తవి వేయించాను. ముందు గడియారం వినపడింది, దెబ్బలాడుతున్నట్టు. తర్వాత నేను రొట్టె నమిలే చప్పుడు. ఇది ఇంత ఘోరంగా ఉంటుందా? ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని ఎలా భరించావు?

తర్వాత గేటు దగ్గరికి వెళ్ళాను. యిట్స్కే, ఆ పిట్ట గొంతు అంత పెద్దదని మర్చిపోయాను. పెళ్ళైన కొత్తలో పొద్దున్నే మనల్ని లేపేది ఆ గొంతే. నువ్వు దుప్పటి నా నెత్తి మీదికి లాగేదానివి. స్తంభం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అది అరవడం ఆపింది. అప్పుడు గడ్డిలోంచి సన్నగా ఇంకో చప్పుడు. గడ్డి పరకలు కదిలాయి, ఒకటి బయటికొచ్చింది. కాళ్ళే తప్ప ఒళ్ళు లేదు దానికి. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మూడు చూశాను. నాలుగోది ఉందో లేదో నువ్వొచ్చి చెప్పు.

అవి పక్కకి వెళ్ళాక ఒక్క నిమిషం మూలకి వెళ్ళాను. మొదటిసారి. గూడు నీ కర్ర పక్కనే ఉంది. గడ్డి గుడిసె అలాగే ఉంది, లోపల ఆకుపచ్చ పెంకులు. కర్ర తియ్యలేదు. పిల్లలు ఎగిరాక తీస్తాను. అప్పుడే కాలువ మీద ఒక పలక వేస్తాను, పక్కన పట్టుకోవడానికి కమ్మీతో. ముసలివాళ్ళ వంతెన అని నవ్వుతావు. నవ్వు. దాని మీద నుంచి నడిచి వెళ్ళి నవ్వు.

సూప్ మాట హెస్సెల్ వాళ్ళావిడకి నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. మురిసిపోయి రోజూ రెండు గిన్నెలు పంపిస్తోంది. వచ్చి నువ్వే చూసుకో.

శనివారం పదింటికి వస్తాను. మిషన్లు పెట్టుకునే వస్తాను. ఇంటికొచ్చాక మడిలో ఎక్కడున్నా సరే, ఒకసారి పిలిచి చూడు. ఈసారి హెస్సెల్ కంటే ముందు నేనొస్తాను.

నీ
సీబ్రెన్